టీవీ స్టాండ్ కింద ఫ్రీబీఎస్డీ

ఇంట్లో సర్వర్ పెట్టుకున్నా అని ఆఫీసులో ఎవరికైనా చెప్తే "ఓ, ఉబుంటూనా, ప్రాక్స్‌మాక్సా" అంటారు, ఫ్రీబీఎస్డీ అనే ఓఎస్ పేరు చెప్పగానే మాత్రం ఓసారి మొహం చూసి "అదింకా ఉందా?" అంటారు. ఉందండీ బాబూ. నెట్‌ఫ్లిక్స్‌లో మీరు రాత్రిళ్ళు చూసే సినిమాని మీ దాకా తోసే ఓపెన్ కనెక్ట్ సర్వర్లు నడిచేది దాని మీదే, పిల్లలు ఆడే ప్లేస్టేషన్ 4 లోపలి ఓఎస్ దాన్నుంచి పుట్టిందే, వాట్సాప్ మొదట్లో గుప్పెడు మంది ఇంజనీర్లతో అంత ట్రాఫిక్ లాక్కొచ్చింది దాని మీద ఎర్లాంగ్ అనే ప్రోగ్రామింగ్ భాష పెట్టే, 2012 మొదట్లోనే ఒక్క సర్వర్ మీద 20 లక్షల కనెక్షన్లు నిలబెట్టామని వాళ్ళే చెప్పుకున్నారు. ఇదంతా చెప్తే వింటారు, తలూపుతారు, వెళ్ళి ఉబుంటూ లినక్సే వేసుకుంటారు. సరే, ఎవరిష్టం వాళ్ళది.

నేను దీని జోలికి వెళ్ళింది వీటి వల్ల కాదులెండి. నా ఉద్యోగం రోజూ క్లౌడ్‌లోనే, యామల్ అనే సెట్టింగుల ఫైళ్ళు రాస్తా, పైప్‌లైన్ నొక్కుతా, ఎక్కడో ఏదో లేస్తుంది. అది ఏ మెషిన్ మీద లేచింది, కింద ఏ కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) ఉంది, ప్యాకెట్ ఏ దారిలో వచ్చింది అని మొదటి నుంచి చివరిదాకా చెప్పగలిగే మనిషి మా ఫ్లోర్ మొత్తంలో ఒక్కడు లేడు, అందులో నేనూ ఉన్నా. తలా ఒక ముక్క తెలుసు, అంతే. అందుకని పవర్ బటన్ నొక్కిన దగ్గర్నుంచి బ్రౌజర్లో పేజీ తెరుచుకునేదాకా మధ్యలో జరిగేదంతా ఒక్క మనిషి బుర్రలో పట్టే సిస్టమ్ ఒకటి ఉంటే బాగుండు, అదీ నా చేతికి అందేంత దూరంలో ఉంటే ఇంకా బాగుండు అనిపించేది. ఆ లెక్కన చూస్తే ఫ్రీబీఎస్డీ కుదిరినట్టు నాకు వేరేదేదీ కుదరలేదు. ఈ పోస్టంతా ఆ ఒక్క మాట గురించే, మిగతావి దారిలో తగులుతాయి.

తెలియనివాళ్ళ కోసం కాస్త కథ. 1970ల చివర్లో బర్క్‌లీ యూనివర్సిటీలో యూనిక్స్ అనే ఓఎస్‌కి పెట్టిన చేర్పులే బీఎస్డీ. దాన్ని మామూలు 386 పీసీ మీదకి తెచ్చింది విలియం జోలిట్జ్, లిన్ జోలిట్జ్ అనే దంపతులు, 1992లో. ఆ 386బీఎస్డీకి ప్యాచులు వేసుకుంటూ కూర్చున్నవాళ్ళు ఇక ఇలా లాభం లేదని 1993లో విడిగా మొదలెట్టిందే ఫ్రీబీఎస్డీ. సరిగ్గా అప్పుడే ఏటీ అండ్ టీ తాలూకు యూనిక్స్ కంపెనీ, ఆ కోడ్ మాదేనని బర్క్‌లీ వాళ్ళ మీద కోర్టుకెక్కి కూర్చుంది, 1994 మొదట్లో రాజీ కుదిరేదాకా బీఎస్డీ ముట్టుకోవాలంటే జనానికి జంకే, ఈ సందులో లినక్స్ ఎక్కడికో వెళ్ళిపోయింది. ఏది గొప్ప ఏది తక్కువ అనే వాదనలు ఎన్నైనా ఉండనీండి, ఆ కేసు లేకపోతే మన కాలేజీ ల్యాబుల్లో ఇవాళ వేరే ఓఎస్ ఉండేదేమో అని నా అనుమానం.

మెషిన్ సంగతికొస్తే, సికింద్రాబాద్ సీటీసీకి వెళ్తే ఐటీ కంపెనీలు లీజు అయిపోయాక వదిలించుకున్న ఆఫీస్ డెస్క్‌టాప్‌లు కుప్పలుగా దొరుకుతాయి. షాపతను "గేమింగ్‌కా అన్నా, ఆఫీస్ వర్క్‌కా" అన్నాడు, సర్వర్‌కి తమ్ముడూ అంటే "అయితే ఆ పక్క షాపుకెళ్ళు" అని చెయ్యి చూపించాడు, అక్కడున్నవి ఇద్దరు మోస్తే గానీ కదలని ర్యాక్ సర్వర్లు, ఆ ఫ్యాన్ల మోతకి ఇంట్లోవాళ్ళు ముందు సర్వర్‌నీ తర్వాత మననీ బయట పెడతారు. తిరిగొచ్చి మొదటి షాపులోనే డెల్ ఆప్టిప్లెక్స్ మినీ టవర్ తీసుకున్నా, ఆరో జనరేషన్ ఐ5, 16 జీబీ ర్యామ్, పెద్ద హార్డ్‌డిస్కులు రెండు పట్టే జాగా ఉంది. ఓఎస్‌కి చిన్న ఎస్‌ఎస్‌డీ, డేటాకి 4 టీబీ డిస్కులు రెండు, ఒకదానికొకటి నకలు (మిర్రర్). ఇది సుమారు 25 వాట్లు లాగుతుందనుకుంటే రోజంతా ఆన్‌లో ఉంచినా నెలకి 18 యూనిట్లు, ఏసీ ముందు అదేం లెక్క.

కొనేటప్పుడు ప్రాసెసర్ కంటే ముందు చూడాల్సింది నెట్‌వర్క్ పోర్ట్. ఇంటెల్‌ది అయితే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. రియల్‌టెక్ అయితే పని చేస్తుంది గానీ కొన్ని చిప్పులు లోడ్ పడినప్పుడు మొరాయిస్తాయి, దానికి పోర్ట్స్‌లో (ఫ్రీబీఎస్డీలో మనం విడిగా వేసుకునే సాఫ్ట్‌వేర్ల పోగు అది) వేరే డ్రైవర్ ఉంది, అది వేసుకుంటే చాలావరకు దారికొస్తాయి. వైఫై మీద ఆశలు పెట్టుకోకండి, సర్వర్‌కి కేబుల్ లాగండి, అంతే.

ఇన్‌స్టాల్ గురించి రాయడానికి పెద్దగా లేదు. నీలం స్క్రీను, బాణం గుర్తులు, డిస్కులు అడిగిన చోట ఆటో జెడ్‌ఎఫ్‌ఎస్ (డిస్కులో ఫైళ్ళు సర్దే ఫైల్ సిస్టమ్ అది, దాని కథ తర్వాత) అని కొట్టడం, టైమ్ జోన్‌లో ఆసియా, ఇండియా, యూజర్ పేరు, రీబూట్. కాఫీ పూర్తయ్యేలోపు అయిపోతుంది. అయిపోయాక నల్ల స్క్రీన్ మీద లాగిన్ అని ఒక్క మాట ఉంటుంది, డెస్క్‌టాప్ లేదు, బొమ్మల్లేవు, మన వాళ్ళు చాలామంది ఇక్కడే భయపడి వెనక్కెళ్ళిపోతారు.

అసలు సంగతి ఇక్కడ్నుంచే. లినక్స్ అంటే నిజానికి కెర్నల్ ఒక్కటే, దాని చుట్టూ సీ లైబ్రరీ ఒకరిది, కమాండ్లు ఇంకొకరివి, బూట్‌లో సర్వీసులు లేపే ఇనిట్ మరొకరిది, అన్నీ పోగేసి డిస్ట్రో అంటాం. ఫ్రీబీఎస్డీలో కెర్నలూ లైబ్రరీలూ కమాండ్లూ మాన్ పేజీలూ (కమాండ్ల వాడకం చెప్పే మాన్యువల్) అన్నీ ఒకే సోర్స్ చెట్టులో ఉంటాయి, ఒకే టీమ్, ఒకే రిలీజ్. దీన్నే బేస్ సిస్టమ్ అంటారు. మనం తర్వాత వేసుకునే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, ఫైళ్ళు షేర్ చేసే సాంబా లాంటివన్నీ యూఎస్‌ఆర్ లోకల్ అనే ఫోల్డర్ కింద వేరే కొంపలో పెడతారు, వాటి కాన్ఫిగ్ కూడా అక్కడే, సిస్టమ్ సెట్టింగులుండే ఎట్‌సీ ఫోల్డర్లోకి తల దూర్చవు. అద్దింట్లో గోడలూ కిటికీలూ ఇంటివాళ్ళవి, మంచాలూ బీరువాలూ మనవి అన్నట్టు. సామానంతా తీసేసి యూఎస్‌ఆర్ లోకల్ ఖాళీ చేసినా ఇల్లు అలాగే నిలబడి ఉంటుంది, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ పని చేస్తుంది, ఫైర్‌వాల్ పని చేస్తుంది.

దీని వల్ల నేర్చుకోవడంలో వచ్చే తేడా వాడితే గానీ తెలీదు. బూట్‌లో ఏం లేవాలి, ఐపీ ఏంటి, హోస్ట్‌నేమ్ ఏంటి, ఏ సర్వీస్ ఆన్‌లో ఉంది అన్నదంతా దాదాపు ఒకే ఫైల్లో, ఆర్‌సీ డాట్ కాన్ఫ్‌లో. నాది ఒక స్క్రీన్‌లో పట్టేస్తుంది. ఫలానా సర్వీస్ ఎనేబుల్ ఈక్వల్స్ ఎస్ అని లైన్ ఉంటే లేస్తుంది, లేకపోతే లేవదు. సర్వీస్‌ని బూట్‌లో కలపకుండా ఊరికే ఓసారి లేపి చూద్దామంటే సర్వీస్ పేరు పక్కన స్టార్ట్ బదులు వన్‌స్టార్ట్ అని కొడితే చాలు. లేపే స్క్రిప్టులు కూడా మామూలు షెల్ స్క్రిప్టులే, తెరిచి చదువుకోవచ్చు, నేను సగం షెల్ స్క్రిప్టింగ్ నేర్చుకున్నది ఎట్‌సీలో ఆర్‌సీ డాట్ డీ ఫోల్డర్లో అవి చదివే.

ఇంక మాన్ పేజీలు. లినక్స్‌లో మాన్ కొట్టే అలవాటు మనలో ఎంతమందికి ఉంది చెప్పండి, ఎర్రర్ వచ్చిందంటే కాపీ చేసి గూగుల్‌లో, ఇప్పుడైతే ఏఐలో పేస్ట్ చేయడమే. ఇక్కడ మాన్ పేజీ ఉదాహరణలతో సహా ఉంటుంది, డ్రైవర్లకి కూడా మాన్ పేజీ ఉంటుంది, ఏ నెట్‌వర్క్ కార్డుకి ఏ డ్రైవరో ఏయే మోడళ్ళు పని చేస్తాయో అందులోనే రాసి ఉంటుంది. ఏ ఫోల్డర్ దేనికో తెలియాలంటే మాన్ హయ్యర్ అని కొట్టండి, హెచ్ ఐ ఈ ఆర్, ఫైల్ సిస్టమ్ మొత్తం ఒక్కో ఫోల్డర్‌కి ఒక్కో లైన్ చొప్పున చెప్తుంది. దానికి తోడు ఫ్రీబీఎస్డీ వాళ్ళే రాసిన హ్యాండ్‌బుక్. అది చదివి ఒక్కో చాప్టర్ మెషిన్ మీద చేసి చూస్తూ పోతే ఆర్నెల్ల కోర్సుకి డబ్బులు కట్టక్కర్లేదు, ఇది నేను అమీర్‌పేట వైపు చూస్తూనే అంటున్నా. ఏఐ సలహాలతో ఒక చిక్కుంది, అది లినక్స్ కమాండ్లూ బీఎస్డీ కమాండ్లూ కలిపి వండేస్తుంది, ఐపీ అడ్రస్ చూడ్డానికి ఐఎఫ్‌కాన్ఫిగ్ ఉన్న చోట ఐపీ కమాండ్ కొట్టమంటుంది, ఏ పోర్టు ఎవరు పట్టుకున్నారో చూడ్డానికి ఇక్కడ సాక్‌స్టాట్ అని చక్కటి కమాండ్ ఉంటే దాని ఊసే ఎత్తదు.

సిస్టమ్ నాకు రోజూ ఉత్తరం కూడా రాస్తుంది. తెల్లవారుజామున 3:01కి పీరియాడిక్ డైలీ అని ఒక పని నడుస్తుంది, డిస్కులు ఎంత నిండాయి, జెడ్‌పూల్ (జెడ్‌ఎఫ్‌ఎస్ కింద కలిపిన డిస్కుల జట్టు) ఎలా ఉంది, నిన్న ఎవరు లాగిన్ అవ్వబోయి ఫెయిలయ్యారు, సెట్‌యూఐడీ ఫైళ్ళలో (ఎవరు నడిపినా ఫైలు ఓనర్ హక్కులతో నడిచేవి) ఏమైనా మారాయా అని చూసి మెయిల్ పెడుతుంది. పంపేవాడి పేరు చార్లీ రూట్. మొదట చూసినప్పుడు ఎవడ్రా వీడు నా సర్వర్లోకి వచ్చాడు అనుకుంటారు ఎవరైనా. రూట్ అకౌంట్‌కి, అంటే అడ్మిన్‌కి, అసలు పేరు కాలమ్‌లో చార్లీ అని బర్క్‌లీ రోజుల నుంచీ ఉంది, దాని పక్కన లాగిన్ పేరు చేరి చార్లీ రూట్ అవుతుంది, ఆయన 1920లు 30లలో షికాగో కబ్స్‌కి ఆడిన బేస్‌బాల్ పిచర్. సరదాకి పెట్టింది, ఎవరూ తీసేయలేదు. మా ఆవిడ ఒకసారి నా ఫోన్‌లో నోటిఫికేషన్ చూసి "ఈ చార్లీ ఎవరండీ, రోజూ మూడింటికి మెయిల్ పెడతాడు" అంది. నిజం చెప్తే నమ్మడానికి కాస్త టైం పట్టింది.

ఆ చార్లీ మెయిల్ వల్లే ఒకటి పట్టుకున్నా. జెడ్‌పూల్ స్టేటస్‌లో మూడు కాలమ్స్ ఉంటాయి, రీడ్, రైట్, చెక్‌సమ్. ఎప్పుడూ మూడూ సున్నాలే. ఒకరోజు రెండో డిస్కు ఎదురుగా చెక్‌సమ్ కాలమ్‌లో చిన్న అంకె కనిపించింది. ఫైళ్ళన్నీ బాగానే తెరుచుకుంటున్నాయి, ఎక్కడా తేడా లేదు. డిస్కు ఆరోగ్యం చూపించే స్మార్ట్‌సీటీఎల్ కొట్టి చూస్తే డిస్కులో చెడ్డ సెక్టార్లు ఏమీ లేవు గానీ 199వ నంబర్ లైన్, సీఆర్‌సీ ఎర్రర్ల లెక్క (కేబుల్ దారిలో డేటా ఎన్నిసార్లు చెడిందో), పెరుగుతోంది. ఆ లైన్ పెరిగిందంటే డిస్కు కంటే ముందు దారిని అనుమానించాలి, అంటే సాటా కేబుల్. డబ్బా తెరిస్తే కేబుల్ కొస దగ్గర క్లిప్పే లేదు, ఊరికే ఆని ఉంది. కొత్త కేబుల్ వేసి, స్క్రబ్ కొట్టి (డిస్కులో ఉన్నదంతా చదివి సరిచూడమని), క్లియర్ చేస్తే మళ్ళీ సున్నాలు. మామూలు ఫైల్ సిస్టమ్ అయితే ఆ చెడ్డ బైట్లని మంచివే అనుకుని నాకు ఇచ్చేసేది. జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి బ్లాకుకీ చెక్‌సమ్ (లోపలి బైట్లని బట్టి వచ్చే గుర్తు అంకె) రాసుకుంటుంది, చదివేటప్పుడు సరిచూస్తుంది, తేడా ఉంటే మిర్రర్‌లో రెండో డిస్కు నుంచి మంచి కాపీ తెచ్చి మనకిచ్చి, చెడ్డదాన్ని కూడా సరిచేసి, ఆ కాలమ్‌లో ఒక అంకె వేసి ఊరుకుంటుంది.

జెడ్‌ఎఫ్‌ఎస్ పుట్టింది సన్ మైక్రోసిస్టమ్స్‌లో, 2005లో సోర్స్ బయటపెట్టారు, పావెల్ యాకుబ్ దవిదెక్ అనే పోలండ్ ఆయన 2007లో దాన్ని ఫ్రీబీఎస్డీలోకి తెచ్చాడు, 2008లో ఫ్రీబీఎస్డీ 7.0 వెర్షన్‌తో జనానికి అందింది. లైసెన్సు గొడవ వల్ల లినక్స్ కెర్నల్లోకి అది నేరుగా వెళ్ళలేదు, పక్కన మాడ్యూల్‌గా వేసుకోవాలి, ఇక్కడ బేస్‌లోనే ఉంది. ఈసీసీ ర్యామ్ (తన తప్పులు తనే సరిదిద్దుకునే రకం) లేకుండా జెడ్‌ఎఫ్‌ఎస్ వాడితే డేటా పోతుంది అని ఇంటర్నెట్‌లో భయపెట్టేవాళ్ళున్నారు, ఈసీసీ ఉంటే మంచిదే, లేకపోతే మిగతా ఫైల్ సిస్టమ్స్‌కి ఎంత రిస్కో దీనికీ అంతే. ఇంకోటి, ర్యామ్ అంతా తినేస్తుంది అని కంగారు పడకండి, అది ఆర్క్ అనే క్యాష్, వేరేవాళ్ళకి కావాలంటే వదిలేస్తుంది, వద్దనుకుంటే హద్దు పెట్టొచ్చు.

డిస్కుల్లో ఏముందంటే ఫోటోలు, ఆఫీసు కాగితాల స్కాన్లు, అన్నిటికంటే ముఖ్యంగా మా నాన్న పద్య నాటకాల క్యాసెట్లు. ఆయన తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో నాటకాలు చూస్తూ టేప్ రికార్డర్ స్టేజీ పక్కన పెట్టి రికార్డ్ చేసినవి, హార్మోనియం మధ్యలో జనం వన్స్ మోర్ అని అరవడం కూడా ఉంటుంది. వాటిని ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్లోకి ఎక్కించడం నాన్న పని, రిటైర్ అయ్యాక అదే ఆయన డ్యూటీ. ఫైలు పేర్లు ఆయనకి తెలుగులోనే ఉండాలి, అందులో ఊరు, సంవత్సరం, నటుడు, ఏ అంకం, ఏ పద్యం, హార్మోనియం ఎవరు, అన్నీ ఉండాలి. విండోస్‌లో బ్రహ్మాండంగా ఉన్న ఫైళ్ళు సర్వర్‌లోకి కాపీ చేస్తుంటే కొన్ని రానంటున్నాయి. "ఒరేయ్ నాన్నా, నీ సర్వర్‌కి తెలుగు రాదంట్రా" అని ఫోన్.

తెలుగు వచ్చు, కానీ లెక్క వేరు. విండోస్ పేరు పొడవుని అక్షరాల లెక్కన 255 దాకా కొలుస్తుంది, జెడ్‌ఎఫ్‌ఎస్ మామూలుగా 255 బైట్లు అంటుంది, లినక్స్‌లో ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ కూడా అంతే. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) ఇంగ్లీషు అక్షరం ఒక్క బైటు, తెలుగుది మూడు. అక్కడితో అయిపోలేదు, మనం ఒక్క అక్షరం అనుకునే శ్రీ లోపల శ, పొల్లు, ర, గుడి దీర్ఘం అని నాలుగు ముక్కలు, అంటే 12 బైట్లు. మొత్తం 85 ముక్కలు పడతాయి, ఒత్తులూ గుణింతాలూ తీసేస్తే చేతికొచ్చేది ఏ నలభై అక్షరాలో. నాన్న రాసే పేర్లకి అది ఏం సరిపోతుంది. చివరికి పేరులో ఊరు, సంవత్సరం, పద్యం మొదటి రెండు మాటలు పెట్టి మిగతాదంతా ఆడియో ఫైలు ట్యాగుల్లోకి నెట్టాం, పదిరోజులు అలిగి ఒప్పుకున్నాడు. టెర్మినల్లో లొకేల్, అంటే భాష సెట్టింగ్, యూటీఎఫ్-8 కాకపోతే ఎల్‌ఎస్ కొట్టినప్పుడు తెలుగు పేర్లన్నీ వరసగా ప్రశ్నార్థకాలుగా కనిపిస్తాయి, కంగారు పడకండి, ఫైలుకేం కాలేదు. లొకేల్ సరిచేశాక కూడా చాలా టెర్మినళ్ళలో ఒత్తులు పక్కకి జారి ఉంటాయి, అది టెర్మినల్ చేతకానితనం, ఫ్రీబీఎస్డీది కాదు.

స్నాప్‌షాట్లు, అంటే ఆ క్షణానికి డిస్కు ఎలా ఉందో దాని ఫోటోలు, గంటకొకటి తీస్తా, టైముకి పనులు నడిపే క్రాన్‌లో చిన్న షెల్ స్క్రిప్టు. మొన్న మా బుడ్డోడు కంప్యూటర్ గేమ్‌కి జాగా కావాలని షేర్‌లో ఉన్న ఫోల్డర్ ఒకటి మొత్తం ఎగరగొట్టాడు, వాడికి అది తాతయ్య క్యాసెట్ల ఫోల్డర్ అని తెలీదు. డాట్ జెడ్‌ఎఫ్‌ఎస్ అని దాగున్న ఫోల్డర్ ఒకటి ఉంటుంది, దాంట్లో స్నాప్‌షాట్ పేరుతో వెళ్తే గంట కిందటి ప్రపంచం అలాగే ఉంటుంది, సీపీ కొట్టి తెచ్చుకోవడమే. తాతకీ మనవడికీ మధ్య గొడవ రాకుండా పోయింది.

ఆఫీసులో జూనియర్ ఒకడు "అన్నా డాకర్ లేకుండా ఎలా బతుకుతున్నావ్" అంటాడు. జైళ్ళున్నాయి తమ్ముడూ. డాకర్ కంటైనర్లలాగే ఒక్కో ప్రోగ్రామ్‌ని మిగతా సిస్టమ్‌కి తగలకుండా విడి గదిలో పెట్టి నడపడమే జైలు. పౌల్-హెనింగ్ కాంప్ అనే డెన్మార్క్ ఆయన రాశాడు, 2000లో వచ్చిన 4.0 నుంచీ ఉన్నాయి, డాకర్ వచ్చింది 2013లో. నా దగ్గర సాంబాకి ఒక జైలు, సినిమాలు చూపించే జెల్లీఫిన్‌కి ఒకటి, పోస్ట్‌గ్రెస్‌కి ఒకటి, వెబ్‌కి ఒకటి. బేస్ టార్‌బాల్ ఒక డేటాసెట్‌లో విప్పి స్నాప్‌షాట్ తీసి పెట్టుకున్నా, కొత్త జైలు కావాలంటే దాన్ని క్లోన్ చేయడం, క్లోన్ అవ్వడానికి రెప్పపాటు, జాగా కూడా మొదట్లో దాదాపు ఏమీ పట్టదు. జైల్ డాట్ కాన్ఫ్‌లో పేరు, ఐపీ, దారి రాస్తే లేస్తుంది. 12.0 నుంచి వీనెట్ అనే సౌకర్యం మామూలు కెర్నల్లోనే ఉంది కాబట్టి ఒక్కో జైలుకి సొంత నెట్‌వర్క్ స్టాక్ ఇవ్వొచ్చు, ఈపెయిర్ అని రెండు కొసలున్న ఉత్తుత్తి కేబుల్ ఉంటుంది, ఒక కొస జైల్లో, ఇంకో కొస బ్రిడ్జిలో. ఈ బ్రిడ్జి నా చేత్తో కట్టాకే ఆఫీసులో కంటైనర్లని గుంపుగా నడిపే కుబెర్నెటీస్ నెట్‌వర్కింగ్ ఏం చేస్తుందో నాకు మొదటిసారి అర్థమైంది, అంతకుముందు దాకా అదొక మంత్రం.

పోస్ట్‌గ్రెస్ జైలు పెట్టేవాళ్ళకి ఒక చిట్కా, షేర్డ్ మెమరీ సెగ్మెంట్ చేయలేను, ఫంక్షన్ నాట్ ఇంప్లిమెంటెడ్ అని ఏడ్చిందంటే జైల్ కాన్ఫ్‌లో సిస్‌వీషమ్ ఈక్వల్స్ న్యూ అని పెట్టండి, నోరు మూసుకుంటుంది.

నచ్చనివీ ఉన్నాయి, ఎందుకు దాచాలి. డాకర్ ఇమేజ్ ఒక్కటే ఇచ్చి చేతులు దులిపేసుకునే ప్రాజెక్టులు రోజురోజుకీ ఎక్కువవుతున్నాయి, ఫోటోలకి అందరూ వాడే ఇమిచ్ అలాంటిదే. 2024 డిసెంబర్లో 14.2తో ఫ్రీబీఎస్డీకి కూడా కంటైనర్ ఇమేజీలు ఇవ్వడం మొదలెట్టారు గానీ లినక్స్ కోసం కట్టినవి అన్నీ ఇక్కడ నడవవు, నేను బీహైవ్‌లో (ఫ్రీబీఎస్డీలో వర్చువల్ మెషిన్లు నడిపేది) చిన్న డెబియన్ లినక్స్ వీఎం పెట్టి దాంట్లో నడుపుతున్నా. ఇంకా, ఇంటర్నెట్‌లో దొరికే ప్రతి స్క్రిప్టూ మొదటి లైన్లో బిన్ బ్యాష్ అంటుంది, ఇక్కడ బ్యాష్ బేస్‌లో లేదు, వేసుకున్నా యూఎస్‌ఆర్ లోకల్‌లో ఉంటుంది, కాబట్టి ఆ లైన్ దగ్గరే చతికిలబడుతుంది. ఫైల్లో మాటలు మార్చే సెడ్ కమాండ్ ఐ ఆప్షన్‌కి ఖాళీ కొటేషన్లు కావాలి. ఇవన్నీ చిన్నవే, రాత్రి పదకొండున్నరకి మాత్రం చిన్నవిగా అనిపించవు.

అప్‌గ్రేడ్‌కి ముందు బెక్టీ‌ఎల్‌తో బూట్ ఎన్విరాన్‌మెంట్ ఒకటి చేసి పెట్టుకుంటే భయం ఉండదు, మొత్తం ఓఎస్‌కి స్నాప్‌షాట్ అన్నమాట, కొత్తది తిక్కగా ఉంటే బూట్ మెనూలో పాతదాన్ని ఎంచుకుని లేవొచ్చు. ఈమధ్య వెర్షన్లలో ఫ్రీబీఎస్డీ అప్‌డేట్ కమాండే తనంతట తాను ఒకటి చేసుకుంటోంది. ఈ సౌకర్యం అలవాటయ్యాక ఆఫీస్ ల్యాప్‌టాప్ అప్‌డేట్ అడిగినప్పుడల్లా నాకు గుండె దడ.

కరెంటు. ఎండాకాలంలో మా ఏరియాలో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి, చాలా ఇన్వర్టర్లు మామూలు మోడ్‌లో మారడానికి తీసుకునే ఆ కాస్త టైమ్ ఫ్యానుకి తెలీదు గానీ కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది. వెనకాల యూపీఎస్ మోడ్ అని స్విచ్ ఉంటే అటు నొక్కండి, లేకపోతే చిన్న యూపీఎస్ కొనండి, యూఎస్‌బీ ఉన్నది అయితే నట్ అనే ప్యాకేజీ వేసుకుంటే బ్యాటరీ అయిపోయే ముందు సర్వర్ తనే షట్‌డౌన్ అవుతుంది. అసలు హఠాత్తుగా పోయినా జెడ్‌ఎఫ్‌ఎస్ కాపీ ఆన్ రైట్ కాబట్టి పాతదాని మీద రాయదు, కొత్త చోట రాసి చివర్లో పాయింటర్ మారుస్తుంది, మామూలుగా ఐదేసి సెకన్లకి ఒక గుత్తి. పోతే ఆ చివరి కొద్ది సెకన్ల రాతలు పోతాయి, పూల్ మాత్రం చెక్కుచెదరదు, ఎఫ్‌ఎస్‌సీకే అని డిస్కు చెకింగ్‌కి గంటలు గంటలు కూర్చోవడం లేదు.

బయట్నుంచి ఇంటి సర్వర్‌ని చేరడం ఇంకో పురాణం. రూటర్‌లో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ కంపెనీ మీకిచ్చిన అడ్రస్) చూడండి, 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీరు సీజీనాట్ వెనకాల, అంటే చాలా ఇళ్ళకి కలిపి ఒకే పబ్లిక్ ఐపీ ఇచ్చే పద్ధతిలో ఉన్నట్టు, పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా ఉపయోగం లేదు. కస్టమర్ కేర్‌కి చెప్తే రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్ అంటారు. నేను చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్) ఒకటి తీసుకుని దానికీ ఇంటికీ మధ్య వైర్‌గార్డ్ అనే వీపీఎన్ టన్నెల్ వేశా, 2023లో వచ్చిన 13.2 నుంచి అది బేస్‌లోనే ఉంది, ఇంటి వైపు కీప్‌అలైవ్ 25 సెకన్లు పెడితే టన్నెల్ తెగదు. ఫైర్‌వాల్ పీఎఫ్, ఓపెన్‌బీఎస్డీ వాళ్ళది. లినక్స్ ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్ నుంచి వచ్చినవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి, అక్కడ మొదట కలిసిన రూల్‌తో కథ అయిపోతుంది, ఇక్కడ చివర కలిసిన రూల్ గెలుస్తుంది, మధ్యలోనే ఆగిపోవాలంటే రూల్‌లో క్విక్ అని రాయాలి. నా పీఎఫ్ ఫైలు మొత్తం పాతిక లైన్ల లోపే, ఏ లైన్ ఎందుకుందో నిద్రలో లేపి అడిగినా చెప్తా. ఆఫీసులో క్లౌడ్ ఫైర్‌వాల్ రూల్స్, ఆ సెక్యూరిటీ గ్రూపుల గురించి ఆ మాట అనలేను.

బ్యాకప్ ఊళ్ళో. నాన్న వాళ్ళింట్లో అలాంటిదే ఇంకో పాత ఆప్టిప్లెక్స్, ఒకే డిస్కు, దాని మీదా ఫ్రీబీఎస్డీయే. మొదటి కాపీ నెట్‌లో పంపితే ఏళ్ళు పడుతుందని డిస్కు ఇక్కడే పెట్టి జెడ్‌ఎఫ్‌ఎస్ సెండ్ కొట్టి, తువ్వాల్లో చుట్టి రైల్లో తీసుకెళ్ళి అక్కడ బిగించా. ఆ తర్వాత ప్రతి రాత్రీ నిన్నటి స్నాప్‌షాట్‌కీ ఇవాళ్టి దానికీ మధ్య తేడా మాత్రమే వైర్‌గార్డ్ మీదుగా వెళ్తుంది, మామూలు రోజుల్లో కొన్ని ఎంబీలే. పంపిన ముక్క అవతల సరిగ్గా అతుక్కుందో లేదో రిసీవే చెప్తుంది, ఫైళ్ళు కాపీ చేసే ఆర్‌సింక్‌లాగా లక్ష ఫైళ్ళు తిరిగి పోల్చుకుంటూ కూర్చోదు. పొద్దున చార్లీలు ఇద్దరూ మెయిల్ పెడతారు, ఇక్కడోడొకడు, అక్కడోడొకడు.

2025 డిసెంబర్లో 15.0 వచ్చింది, అందులో బేస్‌ని కూడా ప్యాకేజీలుగా వేసుకునే పద్ధతి పెట్టారు, ఇన్నాళ్ళూ నేను మెచ్చుకున్న ఆ గోడ కాస్త పల్చబడుతుందేమో అని నాకు చిన్న బెంగ ఉంది, వాడి చూస్తే గానీ చెప్పలేను. 14కి 2028 నవంబర్ దాకా సపోర్ట్ ఉంది కాబట్టి తొందరేం లేదు. ఇక్కడి డబ్బాకి ఏదో ఒక ఆదివారం వేస్తా. ఊళ్ళో దానికి మాత్రం సంక్రాంతికి వెళ్ళినప్పుడే, అది బూట్ కాకపోతే నాన్నని ఫోన్లో పట్టుకుని మానిటర్ తగిలించు, ఎఫ్12 నొక్కు, ఇప్పుడేం కనిపిస్తోంది అని అడిగే ఓపిక నాకు లేదు, చెప్పే ఓపిక ఆయనకీ లేదు.